2,400 డాలర్లకు సింహం బొమ్మ వచ్చింది, ఊరి పేరు రాలేదు

పూర్వీకుల చరిత్ర వెతికిపెడతామనే ఒక కంపెనీకి పోయిన ఏడాది 2,400 డాలర్లు కట్టాం. ఈ రివ్యూ దాని గురించీ, ఆ తర్వాత అదే పనికి నేను వాడిన సైట్ల గురించీ. సైట్లలో చాలావరకు ఉచితం. కంపెనీ పేరు మాత్రం రాయను. డబ్బు వెనక్కివ్వమని మేం రాసిన ఉత్తరాలు ఇంకా నడుస్తున్నాయి, మధ్యలో కొత్త తలనొప్పి ఎందుకు.

ముందు మా సంగతి చెప్పాలి. నాది కాకినాడ. పద్నాలుగేళ్ళుగా బోస్టన్‌కి ఉత్తరాన సముద్రం పక్కన ఉంటున్నాను. మా ఆయన అమెరికన్. మా అత్తగారు మార్బుల్‌హెడ్ అనే పాత జాలర్ల ఊళ్ళో ఉంటారు. ఆవిడ వైపు, ఎనిమిది తరాల వెనక, ఐర్లాండ్ నుంచి వచ్చిన ఒక ఓడ మనిషి ఉన్నాడు. పేరు బయట రాయొద్దని అత్తగారు ముందే చెప్పారు, కాబట్టి 'కెప్టెన్' అంటాను. ఇంట్లోనూ అలాగే అంటారు, నిన్న మొన్నటిదాకా వరండాలో కూర్చుని చుట్ట కాల్చినట్టు.

కెప్టెన్ గురించి మా చేతిలో ఉన్నది మూడు ముక్కలు. ఒకటి, 1763లో మార్బుల్‌హెడ్‌లో పెళ్ళి. మసాచుసెట్స్‌లో చాలా ఊళ్ళ పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు 1850 దాకా ఏరి, వందేళ్ళ కిందటే పుస్తకాలుగా అచ్చువేశారు, అందులో ఒక వరుసగా ఉంది. రెండు, ఇంటి బైబిల్ మొదటి పేజీలో మనవరాలు రాసిపెట్టిన మాట: ఐర్లాండ్‌లో పుట్టాడు, ఫిబ్రవరి 1738/9. మూడు, 1774లో సముద్రంలో పోయాక కోర్టువాళ్ళు రాసిన ఆస్తి జాబితా: ఓడ పెట్టె ఒకటి, సూర్యుడి ఎత్తు కొలిచే క్వాడ్రంట్ ఒకటి, పాత కోటు ఒకటి, ఆరు కుర్చీలు. ఐర్లాండ్‌లో ఏ ఊరన్నది ఎక్కడా లేదు. అత్తగారి 75వ పుట్టినరోజుకి ఆ ఊరి పేరు కానుకగా ఇద్దామని మా ఆయనా, ఆడపడుచూ కలిసి కంపెనీని పట్టుకున్నారు. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే నాకూ సరదాగానే ఉండింది.

ఐదు నెలలకి రిపోర్టు వచ్చింది. 58 పేజీలు, దళసరి కాగితం, ఆకుపచ్చ అట్ట. దానితో పాటు ఫ్రేము కట్టిన వంశ చిహ్నం ఒకటి, ఎర్ర సింహం రెండు కాళ్ళ మీద లేచి నిలబడిన బొమ్మ. ఫ్రేముకి విడిగా 140 డాలర్లు.

బొమ్మతో మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ మొదట చూసేది అదే. అలాంటి చిహ్నాలు ఒక ఇంటిపేరున్న వాళ్ళందరికీ చెందవు. ఫలానా మనిషికి, అతని వారసులకి ఇచ్చేవి. డబ్లిన్‌లో ఇప్పటికీ చీఫ్ హెరాల్డ్ అనే అధికారి ఆఫీసు ఉంది, పద్ధతి ప్రకారం అక్కడ ఇస్తారు. చేపల పడవ మీద బతికినవాడికి సింహం ఎవరిచ్చారు? అదే ఇంటిపేరున్న ఇంకెవరో జమీందారుది తెచ్చి మా గోడకి తగిలించారు. మన దగ్గర కూడా ఇంటిపేరు కలిసిందని రాజుగారి బంధువులమని చెప్పుకునేవాళ్ళు ఉంటారు కదా, అయితే వాళ్ళు దానికి బిల్లు వెయ్యరు.

58 పేజీల్లో 31 పేజీలు ఐర్లాండ్ సామాన్య చరిత్ర. అందులో తొమ్మిది పేజీలు 1845లో మొదలైన బంగాళాదుంప కరువు గురించి. కెప్టెన్ పుట్టిన 106 ఏళ్ళ తర్వాత వచ్చిన కరువు అది! ఆయన చంటిపిల్లాడిగా ఉన్నప్పుడు, 1740-41లో, ఐర్లాండ్‌లో ఘోరమైన చలికాలం వచ్చి పంటలు పోయి, జనాభాలో నూటికి పదమూడు నుంచి ఇరవై మంది చనిపోయారని అంచనా. ఆ ఏడాదిని వాళ్ళ భాషలో 'ఊచకోత సంవత్సరం' అంటారు. దాన్ని దాటి బతికిన పిల్లాడు మా కెప్టెన్. దాని మీద రిపోర్టులో ఒక్క వాక్యం లేదు.

ఒక్క చోట మాత్రం నాకు బాగా నచ్చింది, న్యాయంగా చెప్పాలి కదా. అవిసె గింజల వ్యాపారం గురించిన రెండు పేజీలు. ఐర్లాండ్ ఉత్తరాన అవిసె మొక్క నారతో సన్నటి బట్ట నేసేవాళ్ళు. నార మెత్తగా రావాలంటే గింజ ముదరకముందే మొక్కను పీకెయ్యాలి. గింజ ముదరకపోతే మరుసటి ఏడాదికి విత్తనం ఎక్కడిది? అందుకని ఏటా ఫిలడెల్ఫియా నుంచి, న్యూయార్క్ నుంచి ఓడల్లో అవిసె విత్తనం వెళ్ళేది. ఆ ఓడలు తిరిగొచ్చేటప్పుడు ఖాళీ జాగాలో మనుషుల్ని ఎక్కించుకొచ్చేవి. విత్తనం తీసుకెళ్ళిన ఓడలు ఒక జాతిని మోసుకొచ్చాయన్నమాట. చదవడానికి ఎంత బాగుందో! కానీ అవన్నీ ఉత్తరాన డెరీ, బెల్‌ఫాస్ట్, న్యూరీ రేవుల కథ. అదే రిపోర్టు మా కెప్టెన్‌ది దక్షిణాన వాటర్‌ఫర్డ్ అని తేలుస్తుంది. మరి ఈ రెండు పేజీలు ఎందుకో!

ఇక అసలు సంగతి. రిపోర్టు తేల్చింది రెండు ముక్కలు. కెప్టెన్ 1757లో ప్రయాణికుడిగా బోస్టన్‌లో దిగాడు, ఆయన పుట్టింది వాటర్‌ఫర్డ్ నగరంలో, ఇదిగో బాప్తిస్మం ఎంట్రీ.

1757 సంగతి విప్పడానికి నాకు ఒక్క సాయంత్రం పట్టింది. అమెరికాలో ఓడ ప్రయాణికుల జాబితాలు తప్పనిసరి చేసింది 1819 చట్టం, జాబితాలు 1820 నుంచి మొదలవుతాయి. అంతకుముందు ఫిలడెల్ఫియాలో 1727 నుంచి జర్మన్లు దిగితే పేర్లు రాసుకుని ప్రమాణం చేయించుకునేవాళ్ళు, వాళ్ళు పరాయి రాజు ప్రజలు కాబట్టి. ఐరిష్‌వాళ్ళు ఇంగ్లండు రాజు కింద ఉన్నవాళ్ళే. ఒకే రాజ్యంలో ఒక రేవు నుంచి ఇంకో రేవుకి వెళ్ళినట్టు లెక్క. ఎవరు రాసుకుంటారు? మరి 1757 ఎక్కడిదని వాళ్ళు ఇచ్చిన ఆధారం తీస్తే, అదొక సూచిక పుస్తకం. పాత కాగితాల్లో ఒక పేరు మొదట కనిపించిన సంవత్సరాన్ని అందులో 'వచ్చిన సంవత్సరం' గడిలో వేస్తారు. అంటే 1757లో అలాంటి పేరున్న ఒకడు బోస్టన్‌లో ఎవరికో బాకీ ఉన్నాడు. అంతే. వాడు మా కెప్టెన్ అని కూడా లేదు.

పైగా మా కెప్టెన్ ఓడలో పనిచేసేవాడు. ప్రయాణికుడైతే ఎక్కడో దిగుతాడు, దిగాడని ఎవడో ఒకడు అనుకుంటాడు. ఓడ కళాసీ ఎక్కడికీ 'రాడు'. సరుకు దింపుతాడు, ఒడ్డున తిరుగుతాడు, ఓడ బయల్దేరే రోజు ఎక్కడు. అంతటితో వలస అయిపోయింది. మా కాకినాడ పక్క కోరంగి రేవు నుంచి ఓడలెక్కి బర్మా పోయినవాళ్ళ కథలూ ఇంతే. 'రంగం (రంగూన్) వెళ్ళాడు' అంటారు, ఎప్పుడు, ఏ ఓడ అంటే ఎవరికీ తెలీదు. మా అమ్మమ్మ వాళ్ళ చిన్నాన్న ఒకాయన అలా వెళ్ళాడు. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదని నాకు చిన్నప్పుడే తెలుసు కాబట్టి, కెప్టెన్ విషయంలో ఆశ్చర్యం వెయ్యలేదు.

కలోనీ కాలంలో రేవుల్లో నేవల్ ఆఫీసర్ అనే ఉద్యోగి వచ్చేపోయే ఓడల లెక్క రాసి లండన్‌కి పంపేవాడు. ఓడ పేరు, ఎన్ని టన్నులు, ఎన్ని ఫిరంగులు, ఎంతమంది మనుషులు, సరుకేమిటి, ఎక్కడి నుంచి, ఎక్కడికి. మిగిలినవి లండన్‌లో క్యూ అనే చోట నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఓడ నడిపే మాస్టర్ పేరు ఉంటుంది. మిగతా వాళ్ళు ఒక అంకె. 'మనుషులు: 7'. ఆ ఏడుగురిలో ఒకడుగా వచ్చి ఉంటాడు మావాడు.

బాప్తిస్మం సంగతికి మూడు రాత్రులు పట్టింది. ఇక్కడ నేను ఐదు స్టార్లు ఇవ్వాల్సింది ఐర్లాండ్ నేషనల్ లైబ్రరీకి. వాళ్ళ దగ్గరున్న కాథలిక్ చర్చి రిజిస్టర్ల మైక్రోఫిల్ములన్నీ 2015లో ఆన్‌లైన్‌లో పెట్టేశారు. లాగిన్ లేదు, కార్డు అడగదు, ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది. మ్యాపు మీద పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) నొక్కితే పేజీలు వస్తాయి. లోపాలూ ఉన్నాయి: ఆ సైట్‌లో పేరు కొట్టి వెతికే వీలు లేదు, ఒక్కో పేజీ తిప్పాలి. పేర్లు చాలాచోట్ల లాటిన్‌లో, జాన్ అయితే యోవాన్నెస్. సిరా వెలిసిపోయి, అంచులు చెమ్మ తిని, కొన్ని పేజీలు కాఫీ ఒలికినట్టు ఉంటాయి. చాలా పల్లెల్లో రిజిస్టర్లు మొదలయ్యేదే పద్దెనిమిదో శతాబ్దం చివర్లోనో, ఆ తర్వాతో. వాటర్‌ఫర్డ్ లాంటి పాత పట్నాల్లో మాత్రం అంతకుముందువి దొరుకుతాయి.

పిల్లలు పడుకున్నాక డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని కంపెనీ చూపించిన పేజీ నుంచి ముందుకీ వెనక్కీ తిప్పాను. మూడో రాత్రికి లెక్క తేలింది. 1736కీ 1742కీ మధ్య అదే పేరు, అదే ఇంటిపేరుతో నలుగురు మగపిల్లలు. నలుగురికీ తండ్రులు వేరు. కంపెనీ ఒకణ్ణి చూపించి మిగతా ముగ్గురినీ మింగేసింది. నలుగురున్నారని చెప్పి, ఫలానా కారణానికి వీణ్ణి ఎంచుకున్నాం అని ఉంటే నాకు కోపం వచ్చేది కాదు.

వాళ్ళు ఎంచుకోవడానికి కారణం కూడా కనిపెట్టాను. బైబిల్లో ఉన్న 'ఫిబ్రవరి 1738/9' చూసి, రాసినావిడకి ఏడాది సరిగా గుర్తులేదు కాబోలు అనుకున్నారు. రిపోర్టులో 'సుమారు 1738 లేక 1739' అని వేశారు. అది సందేహం కాదు, అప్పటి లెక్క. 1752 దాకా ఇంగ్లండులోనూ దాని కింది దేశాల్లోనూ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి వచ్చినా పాత ఏడాదే నడిచేది. అందుకని జాగ్రత్తగా రాసేవాళ్ళు రెండు అంకెలూ గీత పెట్టి రాసేవాళ్ళు. మన లెక్కలో అది కచ్చితంగా 1739 ఫిబ్రవరి. ఉగాది దాకా పాత సంవత్సరం పేరే సంకల్పంలో చెప్పుకునే మనకి ఇది అర్థం కావడానికి అర నిమిషం పట్టదు. 2,400 డాలర్లు తీసుకున్నవాళ్ళకి తెలియలేదు. వాళ్ళు చూపించిన బాప్తిస్మం 1738 ఆగస్టుది. పుట్టడానికి ఆరు నెలల ముందే బాప్తిస్మం ఎలా అవుతుంది?

ఇంకోటి. ఐర్లాండ్‌లో పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండో కొడుక్కి తల్లి తండ్రి పేరు పెట్టే అలవాటు ఉండేది. తాత పేరు మనవడికి. ఇది చదవగానే ఎగిరి గంతేశాను, మా ఇంట్లో మూడు తరాల్లో ఇద్దరు సుబ్బారావులు ఉన్నారు. కెప్టెన్ పెద్ద కొడుకు పేరు ఆ నలుగురు తండ్రుల్లో ఒకాయన పేరుతో కలుస్తుంది, ఆయన కంపెనీ చూపించిన పిల్లాడి తండ్రి కాదు. ఇది సాక్ష్యం కాదు, వాసన మాత్రమే. అలవాటును అందరూ పాటించలేదు, పైగా భార్య మార్బుల్‌హెడ్ పిల్ల. అత్తగారికి చెప్పినప్పుడు 'నువ్వు వాళ్ళలా చెయ్యకు, వాసన అని రాసుకో' అన్నారు. ఆవిడ రిటైరైన కెమిస్ట్రీ టీచరు.

డీఎన్‌ఏ గురించి రెండు మాటలు చాలు. కంపెనీ ప్యాకేజీలో అదీ ఉంది. అత్తగారికి ముప్ఫై చిల్లర శాతం ఐరిష్ అని వచ్చింది, దాన్ని కెప్టెన్ ఖాతాలో వేశారు. ఎనిమిది తరాల వెనక ఉన్న ఒక మనిషి నుంచి సగటున వచ్చేది 256లో ఒక వంతు, అంటే అర శాతం కూడా లేదు. ఆ ముప్ఫై శాతం అత్తగారి నాయనమ్మలూ తాతమ్మలూ కరువు తర్వాత వచ్చినవాళ్ళవల్ల. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్ళే వై క్రోమోజోమ్ పరీక్ష పనికొచ్చేది, కానీ మా గొలుసు మూడో తరంలో ఒక కూతురు మీదుగా వచ్చింది. తెగకుండా మగ సంతానంగా వచ్చిన వారసుణ్ణి ఎవరినైనా వెతికి పట్టుకుంటే తప్ప దానికి దారి లేదు.

ఇన్ని తప్పులు చూశాక మా నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన నవ్వి, గయ గుర్తుందా అన్నారు. తాతయ్య పిండం పెట్టడానికి నాన్న గయ వెళ్ళినప్పుడు అక్కడి పండా అడిగిన మొదటి ప్రశ్న పేరు కాదు. ఏ జిల్లా, ఏ తాలూకా, ఏ ఊరు? ఊరు చెప్పగానే పొడుగాటి ఖాతా పుస్తకం తెచ్చి నాలుగు పేజీలు తిప్పాడు. మా ముత్తాత తెలుగులో చేసిన సంతకం అక్కడ ఉంది. నాన్న ఆ రోజు గయ నుంచి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడలేకపోయారు. ఊరు తెలిస్తే పేరు దొరుకుతుంది, పేరు ఒక్కటే తెలిస్తే ఊరు దొరకదు. ఐర్లాండ్ కూడా అచ్చం అలాగే. కౌంటీ, దానికింద బారనీ, పారిష్, చివర టౌన్‌ల్యాండ్ అనే చిన్న పల్లె. ఆ టౌన్‌ల్యాండ్లు 60 వేలకు పైగా ఉన్నాయి. అది తెలియనిదే అక్కడి ఏ పుస్తకమూ తెరుచుకోదు. కాబట్టి వెతుకులాట ఐర్లాండ్‌లో కాదు, అమెరికా వైపు కాగితాల్లో మొదలవ్వాలి. కంపెనీ నేరుగా సముద్రం దూకేసింది.

అమెరికా వైపు నేను వాడింది ఫ్యామిలీసెర్చ్. మోర్మన్ చర్చివాళ్ళది, ఉచితం, ఖాతా తెరవాలి అంతే. దీంట్లో 2024 నుంచి ఫుల్ టెక్స్ట్ సెర్చ్ అని ఒకటి పెట్టారు. పాత చేతిరాత దస్తావేజుల్ని యంత్రమే చదివి, లోపలి ప్రతి మాటా వెతకడానికి వీలుగా పెడుతుంది. ఇంతకుముందు దస్తావేజులో కొన్నవాడు, అమ్మినవాడు మాత్రమే సూచికకి ఎక్కేవాళ్ళు. పక్కన సాక్షిగా నిలబడినవాడు కనిపించేవాడు కాదు. ఇప్పుడు కనిపిస్తాడు. యంత్రం తప్పులు చాలా చేస్తుంది. ఆ కాలం 's' అక్షరం 'f' లాగా ఉంటుంది, పాపం దానికేం తెలుసు. ఓడవాడు అనే మాట 'మారినర్'ని 'మ్యానర్' అని చదివింది. అందుకని ఇంటిపేరు స్పెల్లింగు తొమ్మిది రకాలుగా, మధ్యలో నక్షత్రం గుర్తులు పెట్టి వెతికాను. ఐరిష్ ఇంటిపేర్ల ముందుండే 'ఓ' తీసేసి ఒకసారి, చివర 'ఎన్' రెండు పెట్టి ఒకసారి. కొన్ని పేజీలు ఇంట్లో తెరుచుకోవు, వాళ్ళ సెంటరుకో, ఒప్పందం ఉన్న లైబ్రరీకో వెళ్ళాలి. అదొక విసుగు, అందుకే ఒక స్టారు కోత.

రెండు వారాల్లో రెండు దొరికాయి.

మొదటిది 1767లో పక్కింటి చెప్పులు కుట్టే ఆయన రాసిన వీలునామా. ముగ్గురు సాక్షుల్లో మూడోవాడు మా కెప్టెన్. నాకు తెరమీద కనిపించింది కోర్టు గుమస్తా రిజిస్టరులో రాసుకున్న నకలు. సంతకం కూడా గుమస్తా చేతిరాతే. అసలు కాగితం వేరే ఫైల్లో ఉంటుందని అప్పుడు తెలిసింది. మార్బుల్‌హెడ్ ఉన్న ఎసెక్స్ కౌంటీ పాత వీలునామాల ఫైళ్ళు అమెరికన్ ఆన్సెస్టర్స్ సైట్‌లో ఉన్నాయి. బోస్టన్ న్యూబరీ స్ట్రీట్‌లో ఉండే సంఘం అది, 1845లో పెట్టారు, ఈ దేశంలో వంశచరిత్రల సంఘాల్లో అన్నిటికన్నా పాతది. దీనికి చందా కట్టాలి. నేను కట్టిన ఒకే ఒక డబ్బు అది, పశ్చాత్తాపం లేదు. అక్కడ అసలు వీలునామా మడతల గీతలతో సహా కనిపించింది. మొదటి సాక్షి సంతకానికి బదులు గీత గీశాడు. మూడో చోట కెప్టెన్ చేతిరాత. మొదటి అక్షరం పెద్దదిగా, చివరి అక్షరం తోక తాడు చుట్టినట్టు. ఇంటిపేరు ముందు 'ఓ' లేదు. గుమస్తాలందరూ తలోరకంగా రాసిన పేరును ఆయన తనే ఎలా రాసుకునేవాడో 250 ఏళ్ళ తర్వాత మొదటిసారి చూశాం.

రెండోది మార్బుల్‌హెడ్ పక్క ఊరు సేలంలో ఉండే దస్తావేజుల పుస్తకంలో, 1764ది. ఒక పవర్ ఆఫ్ అటార్నీ, మన జీపీఏ లాంటిదే. 'నేను, ఓడవాణ్ణి, న్యూఫౌండ్‌లాండ్ సెయింట్ జాన్స్‌లో నాకు రావాల్సిన జీతం బాకీ వసూలు చేసుకోవడానికి ఫలానా వ్యాపారికి అధికారం ఇస్తున్నాను' అని. ఇది చదివి కుర్చీలోంచి లేచాను. కెప్టెన్ బోస్టన్‌కి నేరుగా రాలేదు. మొదట న్యూఫౌండ్‌లాండ్ (ఇప్పటి కెనడాలో ఉన్న దీవి) చేపల రేవుల్లో పనిచేశాడు. ఆ రోజుల్లో వాటర్‌ఫర్డ్ నుంచి ఏటా వసంతంలో ఓడలు పనివాళ్ళని న్యూఫౌండ్‌లాండ్‌కి తీసుకెళ్ళేవి, ఉప్పు మాంసం, వెన్న కూడా. ఒకటి రెండు సీజన్ల కూలికి ఒప్పందం, ఆ తర్వాత కొందరు తిరిగి పోయేవాళ్ళు, కొందరు దక్షిణానికి, మసాచుసెట్స్ ఉన్న న్యూ ఇంగ్లండ్ వైపు, జారుకునేవాళ్ళు. ఐరిష్ భాషలో ఆ దీవి పేరే 'చేపల నేల'. అక్కడికెళ్ళిన ఐరిష్‌వాళ్ళలో ఎక్కువమంది వాటర్‌ఫర్డ్ చుట్టూ ఉన్న పల్లెలవాళ్ళు: వెక్స్‌ఫర్డ్ పడమర, కిల్‌కెనీ దక్షిణం, టిప్పరెరీ ఒక మూల.

అంటే కంపెనీ చెప్పిన 'వాటర్‌ఫర్డ్' దాదాపు సరైనదే అయి ఉండొచ్చు. ఇది నాకు మింగుడుపడలేదు, కాసేపు కోపం కూడా వచ్చింది. కానీ వాళ్ళు చీకట్లో రాయి వేశారు. పైగా ఆ ప్రాంతమంటే నాలుగైదు కౌంటీల పల్లెలు, నగరంలోని ఒక చర్చి ఒక పేజీ కాదు. ఆ పల్లెల్లో చాలావాటికి 1739 నాటి రిజిస్టరే లేదు.

ఆ కాలపు ఇతర కాగితాలు దొరక్కపోవడానికి ఉన్న కారణాన్ని కూడా రిపోర్టు సగం పేజీలో కొట్టిపారేసింది. 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ అనే కోర్టుల భవనంలో పేలుడు జరిగి పబ్లిక్ రికార్డ్ ఆఫీసు కాలిపోయింది. వందల ఏళ్ళ వీలునామాలు, పందొమ్మిదో శతాబ్దం మొదటి జనాభా లెక్కలు, ప్రొటెస్టెంట్ చర్చి రిజిస్టర్లలో సగానికి పైగా పోయాయి. కాలిన కాగితం ముక్కలు ఊరంతా ఎగిరి పడ్డాయట. కెప్టెన్ వాళ్ళ నాన్న వీలునామా రాసి ఉంటే, అది ఆ గాలిలోనే పోయి ఉంటుంది. సరిగ్గా వందేళ్ళకి, 2022 జూన్‌లో, వర్చువల్ రికార్డ్ ట్రెజరీ అనే సైట్ మొదలుపెట్టారు. కాలిపోయినవాటి నకళ్ళు ప్రపంచంలో ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి ఒకచోట పెడుతున్నారు, కాలిన భవనాన్ని కూడా కంప్యూటర్లో తిరిగి కట్టారు, లోపల నడవొచ్చు. మా కెప్టెన్ విషయంలో అక్కడ సున్నా. అయినా నాలుగున్నర స్టార్లు. అత్తగారు ఆ ఖాళీ అల్మరాల మధ్య అరగంట తిరిగారు.

కంపెనీకి ఇవన్నీ రాసి పంపాను. జవాబు మర్యాదగానే వచ్చింది. 'మరింత లోతైన పరిశోధనకు రెండో దశ' ఉందట, 1,800 డాలర్లు. వాళ్ళకి ఒక స్టారు, అదీ అవిసె గింజల కోసం.

మీరూ ఇలాంటి కంపెనీకి డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: మీకు దొరక్కపోతే ఏం రాసిస్తారు? చూసిన పుస్తకాలు, ఖాళీగా వచ్చినవి కూడా, జాబితా ఇస్తామంటే ఆలోచించండి. కచ్చితంగా దొరుకుతుందంటే పర్సు మూసెయ్యండి.

పుట్టినరోజు ఎప్పుడో దాటిపోయింది. నవంబరులో అత్తగారూ నేనూ మార్బుల్‌హెడ్‌లో ఓల్డ్ బరియల్ హిల్ అనే పాత శ్మశానం గుట్ట ఎక్కాం. అక్కడ 1846 తుపానులో ఒక్క రోజున పోయిన 65 మంది మార్బుల్‌హెడ్ జాలర్లకి ఒక స్తంభం ఉంది. కెప్టెన్ అంతకు చాలా ముందు పోయాడు, ఆయనకి రాయి లేదు. ఆవిడ కాసేపు రేవు వైపు చూసి, 'ఇంటికి పద, చలి' అన్నారు.

ఇంటికొచ్చాక సింహాన్ని గోడ మీంచి దింపాం. వీలునామాలోని సంతకాన్ని పెద్దది చేసి ప్రింటు తీయించాను, అదే ఫ్రేములో సరిగ్గా పట్టింది. ఓక్ చెక్క, మూలలు గట్టిగా ఉన్నాయి, అద్దం మెరవదు. ఫ్రేముకి ఐదు స్టార్లు.